వేళకు తగిన పాట

1919వ సంవత్సరం ఫిబ్రవరి నెల. దక్షిణదేశ పర్యటనలో ఉన్న రవీంద్రనాథ ఠాగూరు విశ్రాంతికై మదనపల్లె చేరుకొన్నాడు. అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు అప్పట్లో జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి అధ్యక్షుడు. ఒక సాయంకాలం విద్యార్థులు, అధ్యాపకులు కూడిన సభలో ఠాగూరు ‘జన గణ మన’ గీతాన్ని స్వయంగా ఆలపించాడు. కజిన్స్ సతీమణి మార్గరెట్ సంగీతంలో పట్టం పొందిన విదుషి. కవి కంఠం నుండి వెలువడిన వరుసను ఆమె స్వరలిపిలో నిబద్ధం చేసింది. ఆ గీతానికి ఠాగూరు ఆంగ్లానువాదం చేసినదీ ఆ రోజుల్లోనే, ఆ ఊరిలోనే.

ఈ వృత్తాంతంలో సాధారణంగా అందరూ స్మరించేది కవిని. స్వరలిపి రాసిన చేతిని తలచేవారు తక్కువ. పాట పుట్టడం ఒక ఎత్తు. పుట్టిన పాట పదిమంది చెవులకు చేరే మార్గం ఏర్పడడం మరొక ఎత్తు. అదే గీతం 1950 జనవరి 24న జాతీయగీతంగా ఆమోదం పొందింది. దాని పూర్తి ఆలాపనకు సుమారు 52 సెకండ్ల వ్యవధి నిర్ణీతమైంది. ఒక పాటను గడియారపు ముల్లుతో కొలిచి, ఇంతసేపు, ఈ వేళ, ఈ విధంగా వినిపించాలని నిర్ణయించే పని లోకానికి కొత్తది. రేడియోతో పుట్టిన పని అది. ఆ పని చేసేవారిని ఆకాశవాణి పరిభాషలో సంగీత ప్రయోక్త అని, కార్యక్రమ నిర్వాహకుడు అని వ్యవహరిస్తారు. శ్రోతకు వారి ముఖం తెలియదు. చాలాసార్లు పేరు కూడా తెలియదు.

దక్షిణాపథంలో ప్రసారానికి నాంది 1924లో మద్రాసు నగరంలో ఏర్పడిన రేడియో క్లబ్బు. 1935లో మైసూరులో ఆచార్య ఎం.వి. గోపాలస్వామి తన ఇంటి నుండి నడిపిన ప్రసారకేంద్రానికి ‘ఆకాశవాణి’ అన్న పేరు పెట్టారు. తరువాతి కాలంలో అదే పేరు దేశమంతటి రేడియోకు వచ్చింది. మద్రాసులో ప్రభుత్వ రేడియో కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమైంది. నాటికి చిత్తూరు జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. కాబట్టి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల శ్రోతలకు రేడియోలో మొదట వినిపించిన తెలుగు మద్రాసు నుండి వచ్చిన తెలుగే.

ఈ మూడు ఊళ్ళ ఉనికిని కొంత గమనించాలి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. పుంగనూరు దానికి కూతవేటు దూరంలోని పాత జమీందారీ పట్టణం. పొట్టి జాతి ఆవులకు పేరుపొందింది. కుప్పం ఇంకా దక్షిణాన, మద్రాసు–బెంగుళూరు రైలుమార్గం మీద, తెలుగు, తమిళ, కన్నడ సీమలు మూడూ కలిసే చోట ఉంది. మీడియంవేవ్ రేడియో వెలుగుతున్న కాలంలో ఇక్కడి ఇంట ముల్లు తిప్పితే 612 కిలోహెర్ట్‌జుల వద్ద బెంగుళూరు, 720 వద్ద మద్రాసు, 738 వద్ద హైదరాబాదు, 837 వద్ద విజయవాడ, 900 వద్ద కడప వరుసగా ఎదురయ్యేవి. పగటివేళ దగ్గరి కేంద్రాలే స్పష్టం. సూర్యాస్తమయం తరువాత వాతావరణపు పైభాగంలో తరంగాలను పీల్చివేసే పొర పలచబడుతుంది. అప్పుడు మీడియంవేవ్ తరంగాలు పైకెగసి ప్రతిఫలించి దూరదేశాలకు ప్రయాణిస్తాయి. పగలు వినబడని విజయవాడ రాత్రి వినబడుతుంది. పక్కపక్కనే ఉన్న మద్రాసు, హైదరాబాదులు ఒకదాని మీద ఒకటి పడి గొణుగుతాయి.

ఇందులో ఒక వింత ఉంది. బెంగుళూరు కేంద్రంలో కన్నడంలో ప్రకటన, మద్రాసులో తమిళంలో ప్రకటన, కడపలో తెలుగులో ప్రకటన. ఆపైన మూడింటిలోనూ వినిపించేది ఒకే త్యాగరాజ కీర్తన కావచ్చు. భాష మారినది ప్రకటనకే గాని పాటకు కాదు. గాయకుడు అర్థం తెలిసి పాడుతున్నాడా, అక్షరాలు ఒప్పజెబుతున్నాడా అని మూడు కేంద్రాలనూ పోల్చి తీర్పు చెప్పగల అధికారం ఈ సరిహద్దు శ్రోతకు అయాచితంగా లభించింది. ఇష్టం లేని కార్యక్రమాన్ని భరించవలసిన అగత్యం కూడా అతనికి లేదు. ముల్లు కొద్దిగా జరిపితే చాలు. ఇటువంటి శ్రోతను నిలుపుకోవడం సంగీత ప్రయోక్తకు నిత్యపరీక్ష.

ఇంతకూ అతడు చేసే పని ఏమిటి? పాటల పెట్టెలోంచి నచ్చిన పాట తీసి వేయడం కాదు. ఆకాశవాణిలో కార్యక్రమాలను మూడు నెలలకొకసారి ముందుగా రూపొందిస్తారు. ఏ రోజు ఏ వేళ ఏ రకం కార్యక్రమం రావాలో సూచించే పట్టిక ఒకటి ఉంటుంది. దానిని ఫిక్స్‌డ్ పాయింట్ చార్టు అంటారు. ఆ గడులను నింపడం ప్రయోక్త బాధ్యత. శ్రుతి పరీక్షలో నెగ్గి శ్రేణి పొందిన కళాకారులలో ఎవరికి ఎప్పుడు అవకాశం వచ్చిందో చూడాలి, ఒప్పందపత్రాలు పంపాలి, వారు పాడదలచిన కృతుల జాబితా తెప్పించాలి. ఉదయం పాడిన రాగమే మధ్యాహ్నం మరొకరి కచ్చేరీలో ప్రధానరాగంగా రాకుండా, నిన్నటి కృతి నేడు పునరుక్తం కాకుండా చూడాలి. ఈ వివరాలు ముద్రణకు వెళ్ళాలి కూడా. ‘వాణి’ అనే కార్యక్రమ పత్రిక ముందుగానే శ్రోతల చేతికి చేరేది. ఇంత సిద్ధం చేసిన తరువాత గాయకునికి గొంతు పట్టిందని కబురు వస్తుంది. పావుగంట ప్రసంగం పన్నెండు నిమిషాలకే ముగుస్తుంది. మిగిలిన మూడు నిమిషాలు నిశ్శబ్దంగా ఉండరాదు. రేడియోలో మౌనం శ్రోతకు మౌనంగా తోచదు, కేంద్రం ఆగిపోయిందని తోస్తుంది. అందుకై వీణ, వేణువు వంటి వాద్యసంగీతపు ముక్కలను చేతికందే చోట పెట్టుకుంటారు. ముగిసిన ప్రసంగం క్షామాన్ని గురించినదైతే ఆ మూడు నిమిషాలకు ఏ రాగం తగును? నియమావళిలో ఇందుకు సమాధానం దొరకదు.

తెలుగులో ఈ పనికి ఒక రూపం కల్పించినవారిలో అగ్రగణ్యుడు బాలాంత్రపు రజనీకాంతరావు. ఆయన 1920 జనవరి 29న నిడదవోలులో జన్మించారు. వేంకట పార్వతీశ కవులుగా ప్రసిద్ధులైన జంటలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావు ఆయన తండ్రి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పింగళి లక్ష్మీకాంతం శిష్యరికంలో సాహిత్యం అభ్యసించి, 1941లో మద్రాసు రేడియో కేంద్రంలో చేరారు. కవి, వాగ్గేయకారుడు, సంగీతశాస్త్ర పరిశోధకుడు అన్న మూడు ప్రజ్ఞలు ఒకే వ్యక్తిలో ఉండడం అరుదు. ఉన్నా అవి ఉద్యోగంలో ఉపయోగపడడం మరీ అరుదు. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యోదయ సందర్భంగా మద్రాసు కేంద్రం ప్రసారం చేసిన తెలుగు గీతం రజనీకాంతరావు రచించి స్వరపరచినది. పాడినది టంగుటూరి సూర్యకుమారి. అటువంటి రోజుకు పాత పాట ఏదీ సరిపోదు. వేళకు తగిన పాట లేనప్పుడు దానిని పుట్టించవలసినవాడు కూడా కార్యక్రమ నిర్వాహకుడే అన్న ఎరుక ఆయనకు ఉంది.

1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ఆరంభమైంది. అక్కడ రూపుదిద్దుకొన్న ‘భక్తిరంజని’ అనే ప్రాతఃకాల కార్యక్రమం రజనీకాంతరావు పేరుతో, మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరుతో ముడిపడి ఉంది. శ్రీరంగం గోపాలరత్నం, ఓలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసుల కంఠాలు ఆ కేంద్రం ద్వారా ఇంటింటికీ పరిచయమైనాయి. భక్తిరంజనిలోని నేర్పు ఎక్కడున్నదో విద్యార్థులు గమనించాలి. భజన మందిరంలోని పాట పాడేవారి కోసం. కచ్చేరీలోని పాట కూర్చొని వినేవారి కోసం. తెల్లవారుజామున రేడియో వినే ఇల్లాలు కూర్చొని వినదు. కళ్ళాపి చల్లుతూ, పాలు కాచుతూ, పిల్లలను లేపుతూ వింటుంది. ఆమెకు గమకాల అడవి పనికిరాదు, అట్లని చౌకబారు బాణీ కూడా తగదు. రాగం శుద్ధంగా ఉండాలి, మాట స్పష్టంగా వినబడాలి, పల్లవి ఆమె నోటికి అందాలి. శాస్త్రీయ సంగీతానికీ ఇంటిపాటకూ నడుమ ఉన్న ఆ సన్నని గట్టు మీద నడవడానికి పాండిత్యం ఎంత అవసరమో, పాండిత్యాన్ని దాచుకొనే సంయమనం అంత అవసరం.

ఈ సందర్భంలో అన్నమాచార్యుల సంకీర్తనల ముచ్చట ప్రస్తావించక తప్పదు. తాళ్ళపాక కవుల పాటలు తిరుమల ఆలయంలోని రాగిరేకుల మీద శతాబ్దాలపాటు నిద్రించాయి. ఇరవయ్యవ శతాబ్ది తొలిపాదంలో అవి వెలికివచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల పరిష్కరణంలో ముద్రణ పొందాయి. రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది, స్వరం లేదు. అంటే ఏ రాగమో తెలుసు, ఏ వరుసో తెలియదు. 1919లో మదనపల్లెలో మార్గరెట్ కజిన్స్ చేసినటువంటి పనిని పదిహేనవ శతాబ్దంలో ఎవరైనా చేసి ఉంటే నేడు అన్నమయ్య బాణీలు మనకు దక్కేవి! రాళ్ళపల్లివారు కొన్ని పాటలకు కొత్తగా స్వరకల్పన చేశారు. బాలమురళీకృష్ణ, రజనీకాంతరావు మొదలైనవారు మరికొన్నింటికి చేశారు. ఆ స్వరకల్పనలను గ్రంథంలో చదివి నేర్చుకొన్నవారికంటె చెవితో విని నేర్చుకొన్నవారే అధికం. నేడు తాతలనాటి వరుసలని భావిస్తూ పాడుకొంటున్న బాణీలు కొన్ని వాస్తవానికి రేడియో కాలంనాటివి. తన పని ఇంతగా ప్రజల సొత్తై, తన పేరు ఇంతగా మరుగున పడడం ప్రయోక్తకు లాభమో నష్టమో చెప్పడం కష్టం.

రజనీకాంతరావు రచించిన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ప్రసారానికి పాటలు వెదికే శ్రమ నుండి ఎదిగిన పాండిత్యం అది.

ఇదంతా వెలుగు వైపు. ప్రయోక్త చేతిలోని అధికారం పొరపాటు చేసినప్పుడు ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 1940లో అఖిల భారత రేడియో హార్మోనియాన్ని ప్రసారాల నుండి బహిష్కరించింది. ఆ వాద్యపు మెట్లు భారతీయ సంగీతంలోని సూక్ష్మ శ్రుతులను పలుకలేవన్నది వాదం. ఠాగూరు కూడా ఆ అభిప్రాయం కలవాడే. శాస్త్రరీత్యా ఆ వాదం తోసిపుచ్చదగినది కాదు. కాని తెలుగునాట పద్యనాటకం, హరికథ, ఊరిభజన హార్మోనియాన్ని ఆశ్రయించి బతుకుతున్నవి. రాయలసీమలో హార్మోనియం లేని భజనబృందాన్ని ఊహించడం కష్టం. శ్రుతులను రక్షించబోయి ఆ బహిష్కారం ఎందరో కళాకారులకు వాకిలి మూసింది. 1971లో గాని ఆ నిషేధం కొంతమేరకైనా సడలలేదు. ముప్పై ఏళ్ళు ఒక కళాకారుని జీవితంలో సగం.

రెండవ ఉదంతం ఇంకా ప్రసిద్ధం. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమాపాటలు జనుల అభిరుచిని చెడగొడుతున్నవని తలచి వాటిని రేడియోలో దాదాపు లేకుండా చేశారు. శాస్త్రీయ సంగీతానికి అధిక సమయం కేటాయించారు. జనం శాస్త్రీయ సంగీతం వైపు మరలలేదు, సిలోన్ వైపు మరలారు. కొలంబో నుండి వచ్చే రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ నిర్వహించిన హిందీపాటల కార్యక్రమం దేశాన్ని ఊపివేసింది. ముల్లు తిప్పడం శ్రోత చేతిలో ఉన్నదన్న సత్యం ప్రభుత్వానికి తెలియడానికి అయిదేళ్ళు పట్టింది. 1957 అక్టోబరు 3న ‘వివిధభారతి’ మొదలైంది. అభిరుచిని ఆజ్ఞతో పెంచవచ్చునన్న భావం అక్కడ ఓడిపోయింది. భక్తిరంజని వంటి కార్యక్రమాలు, లలితసంగీతం, నెలపొడుగునా ఒకే కొత్త గీతాన్ని వినిపించి నోటికి పట్టించే ‘ఈ మాసపు పాట’ వంటి ప్రయోగాలు అదే పనిని ఆజ్ఞ లేకుండా సాధించాయి. అయితే కేస్కర్ కాలంలోనే శాస్త్రీయ విద్వాంసులకు రేడియో ద్వారా నిలకడైన జీవిక ఏర్పడిందన్న మాట కూడా మరువరాదు. రాజుల ఆస్థానాలు పోయిన కాలంలో వారికి మిగిలిన ఆస్థానం అదే.

వ్యవధి సమస్య వీటన్నిటికంటె పాతది. పుంగనూరులో 1898లో జన్మించిన చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్ళై కాంచీపురం నాయనాపిళ్ళై శిష్యుడు. లయప్రౌఢిమకు, దీర్ఘమైన పల్లవి ఆలాపనకు పేరెన్నికగన్న సంప్రదాయం అది. 1954లో ఆయన సంగీత కళానిధి బిరుదు అందుకొన్నారు. అంతటి విద్వాంసుణ్ణి సామాన్యజనంలోకి తీసుకొనివెళ్ళినది గంటలకొద్దీ సాగే పల్లవి కాదు, ‘మధురా నగరిలో’ అన్న చిన్న జావళి గ్రామఫోన్ రికార్డు. ఆనాటి రికార్డు ఒక పక్క మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు. యంత్రం ఎంత పట్టునో పాట అంతకు ఒదిగింది.

అన్ని పాటలూ అట్లా ఒదగవు. చిత్తూరు సీమలో ధర్మరాజు గుళ్ళ ముందు ఏటా మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీథినాటకం. చివరి దినం బంకమట్టితో చేసిన బ్రహ్మాండమైన దుర్యోధనుని విగ్రహం చెంత వధ ఘట్టం. దాదాపు పద్దెనిమిది రోజులు సాగే ఈ తిరునాళ్ళను అరగంట కార్యక్రమంగా మార్చమని ప్రయోక్తకు ఆదేశం వస్తే అతడేమి చేయాలి? ఉత్తమమైన పద్యాలను ఏరి వరుసగా పేర్చితే వినసొంపుగా ఉంటుంది. కాని పాత్రధారి పద్యం ఎత్తుకొనే ముందు తాళగాడితో ఆడే హాస్యం, జనపు కేరింతలు, నడిరాత్రి ఆ గొంతు బొంగురుపోయి మళ్ళీ విచ్చుకోవడం పోతాయి. అవి పోతే మిగిలినది పద్యం, నాటకం కాదు. పోనీ కళాకారులను స్టూడియోకు పిలిపిస్తే, నాలుగు గోడల మధ్య మైకు ముందు, ఎదుట ప్రేక్షకుడు లేక వారి గొంతు పెగలదు. అనుభవజ్ఞుడైన నిర్వాహకుడు రికార్డింగు యంత్రంతో ఊరికే వెళతాడు. రాత్రంతా మేలుకొని, తిరిగివచ్చి, ఎనిమిది గంటల ధ్వనిలో ఇరవైతొమ్మిది నిమిషాలను ఉంచుతాడు. పారవేసిన ఏడున్నర గంటలకు పైగా ధ్వని అతని మనస్సులో మాత్రమే ఉంటుంది.

కుప్పం వంటి చోట ఈ చిక్కు మరొక రూపం దాలుస్తుంది. గంగమ్మ జాతర పాటలో ఒక చరణం తెలుగు, మధ్యలో ఒక తమిళ మాట, కన్నడ యాస దొర్లవచ్చు. శుద్ధమైన తెలుగు కార్యక్రమం కోరే పట్టికలో దీని స్థానం ఎక్కడ? మాట శుద్ధి కోసం పాటను కత్తిరిస్తే ఆ ఊరి ముఖమే కత్తిరించినట్లు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడినది ఇటువంటి కలగలుపును దోషంగా గాక అధ్యయన విషయంగా చూడడానికే.

ప్రయోక్త అంతరంగానికి కఠినపరీక్ష మరొకటి ఉంది. దేశనాయకుడు అస్తమించిన వార్త రాగానే మూడు నెలల పట్టిక ఒక్క క్షణంలో రద్దవుతుంది. 1964 మే 27న నెహ్రూ మరణించినప్పుడు అట్లాగే జరిగింది. సినిమాపాట, నాటకం, హాస్యం అన్నీ ఆగి విషాదగంభీరమైన వాద్యసంగీతం, భక్తిగీతాలు మాత్రమే మిగులుతాయి. అందులోనూ ద్రుతకాలపు గత్తు రాకూడదు, కల్యాణవేళ వాయించే రాగం రాకూడదు. ఆ గదిలో కూర్చున్న వ్యక్తికి దుఃఖించే తీరిక ఉండదు. జాతి దుఃఖానికి రాగం ఎంచాలి.

నేటి పరిస్థితి వేరు. 2001 నుండి దేశంలో ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వెలిశాయి. అక్కడ పాటల క్రమాన్ని కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఈ పాట ఎన్ని గంటలకొకసారి తిరిగి రావాలి, ఒకే గాయకుని పాటలు రెండు వెంటవెంటనే వచ్చునా అన్న నియమాలను ముందుగా దానికి నేర్పుతారు. శ్రోతల అభిప్రాయసేకరణలో నెగ్గిన కొద్దిపాటి పాటలే మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి. పొరపాటు తగ్గింది, ఆశ్చర్యం కూడా తగ్గింది. తాను కోరనిదీ, విన్న తరువాత వదలలేనిదీ అయిన పాట శ్రోతకు తటస్థపడే అవకాశం అందులో స్వల్పం.

రజనీకాంతరావు అహమ్మదాబాదు, విజయవాడ, బెంగుళూరు కేంద్రాలకు సంచాలకులుగా పనిచేసి 1978లో పదవీవిరమణ చేశారు. 2018 ఏప్రిల్ 22న విజయవాడలో పరమపదించారు. తొలినాళ్ళ ప్రసారాలన్నీ ప్రత్యక్షంగా సాగినవి. పాడినది గాలిలో కలిసిపోయింది. టేపులు వచ్చిన తరువాత కూడా కొరత వలన ఒకదానిని చెరిపి దానిమీదనే మరొకటి నమోదు చేయడం లోకమంతటా రేడియోలకు అలవాటు, బ్రిటన్‌లోని బి.బి.సి. సైతం ఇందుకు మినహాయింపు కాదు. ఏ టేపు ఉంచాలి, ఏది చెరపాలి అన్నది కూడా చాలాచోట్ల సంగీత విభాగం వారే తేల్చవలసివచ్చింది. మిగిలిన వాటిని ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. ప్రతి టేపు పెట్టె మీదా ఒక చీటీ అంటించి ఉంటుంది. దాని మీద రాగం, తాళం, గాయకుని పేరు, రికార్డు చేసిన తేదీ, నిమిషాలు, సెకండ్లు. చీటీ రాసినవారి పేరుకు అందులో గడి లేదు.